చెప్పిన నవల ఎవరూ పూర్తి చేయడం లేదంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పదిహేను మంది చదువరులున్న వాట్సాప్ గుంపు. ఎవరో ఒకరు "మంచి తెలుగు నవల ఒకటి చెప్పండి" అంటారు. మీరు ఓపిగ్గా పది పేర్లు రాసిపెడతారు. వాళ్లు కొంటారు కూడా. కానీ యాభయ్యో పేజీ దాటకముందే పుస్తకం అలమరలోకి వెళ్లిపోతుంది. లోపం పుస్తకంలో ఉందా, చదివేవాళ్లలో ఉందా, చెప్పే తీరులో ఉందా అన్నది మొదటి సందేహం. కథ బయటపెట్టకుండా అభిప్రాయం రాయడం ఎలా, నచ్చని నవల గురించి ఎంతవరకు మాట్లాడొచ్చు అన్నవి మిగతా రెండు.

లోపం చాలావరకు చెప్పే తీరులోనే ఉంటుంది. పది పేర్లు ఇవ్వకండి, ఒక్కటే ఇవ్వండి. ఆ ఒక్కటీ ఎంచే ముందు, అడిగినవాళ్లు చివరగా పూర్తి చేసిన పుస్తకం ఏదో కనుక్కోండి. పేరు చెప్పేటప్పుడు, ఆ నవలలో జనం ఎక్కడ ఆగిపోతారో కూడా చెప్పేయండి. మొదటి రెండూ కొందరైనా చేస్తారు. మూడోది దాదాపు ఎవరూ చేయరు, తేడా వచ్చేదేమో అక్కడే.

పది పేర్ల జాబితా చూడ్డానికి జవాబులాగే ఉంటుంది గానీ, ఎంచుకునే బరువును మళ్లీ అడిగినవాళ్ల నెత్తినే పెడుతుంది. వాళ్లు అందులోంచి ఎక్కువసార్లు విన్న పేరు తీసుకుంటారు. తెలుగులో అలా చెవిన పడే పేరు వేయిపడగలు. విశ్వనాథ సత్యనారాయణ 29 రోజుల్లో రాశారనీ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు నవల 'నారాయణరావు'తో పాటు బహుమతి పంచుకుందనీ, పి.వి. నరసింహారావు హిందీలోకి తెచ్చారనీ అందరూ చెబుతారు. అది వెయ్యికి దగ్గరగా పేజీలున్న పుస్తకమనీ, కథ కన్నా చర్చ ఎక్కువనీ మాత్రం ఎవరూ చెప్పరు. పదేళ్లుగా తెలుగులో ఒక్క నవలా చదవని మనిషి దానితో మొదలుపెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ముందు అడగాల్సినవి

"మీకెలాంటి నవలలు ఇష్టం?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు అందరూ పెద్దమనిషి తరహా సమాధానమే ఇస్తారు: సామాజిక నవలలు, చారిత్రకాలు, మంచి విలువలున్నవి. దాంతో మనకు పనికొచ్చే సంగతి ఒక్కటీ తెలియదు. వీటిని అడగండి. చివరగా పూర్తి చేసింది ఏది? ఇంగ్లీషుదైనా, అనువాదమైనా, ఇరవై ఏళ్ల కిందటి వారపత్రిక సీరియలైనా ఫర్వాలేదు. మధ్యలో వదిలేసింది ఏది, సుమారు ఎన్నో పేజీలో? తెలుగు చదవడం ఎంత వేగం?

వేగం అడగడానికి మొహమాటపడతారు గానీ అసలు కీలకం అదే. ఇంగ్లీషు మీడియంలో చదివి, రోజూ ఇంగ్లీషే చదివే చాలామందికి తెలుగు పేజీ సగం వేగంతో నడుస్తుంది. బాగా తెలుసుననుకునేవాళ్లే ఇందులో పొరపడతారు. ఏదైనా తెలుగు పుస్తకంలో ఐదు పేజీలు గడియారం పెట్టుకుని చదవమనండి. పదిహేను నిమిషాలు పడితే గంటకు ఇరవై పేజీలు. 400 పేజీల నవలకు ఇరవై గంటలు. రోజుకు అరగంట చొప్పున నలభై రోజులు. నలభై రోజులపాటు ఒకే నవలను పట్టుకుని ఉండటం అలవాటు తప్పినవాళ్లకు కష్టం. అదే వంద పేజీల నవల అయితే పది రోజుల్లో ముగుస్తుంది. అలా ఒకటి పూర్తయితే రెండోది పెద్దదైనా చదువుతారు. అందుకే తిరిగి మొదలుపెట్టేవాళ్లకు 150 పేజీల లోపువే చెప్పండి. పేజీల సంఖ్య చూసేటప్పుడు సైజు కూడా చూడండి. పాత క్రౌన్ సైజు (చిన్న కొలత) సన్నక్షరాల పుస్తకంలో 200 పేజీలంటే, ఇప్పటి డెమ్మీ సైజు (కాస్త పెద్ద కొలత) పెద్దక్షరాల పుస్తకంలో 200 పేజీలతో సమానం కానేకాదు.

చివరిది ఇదైతే, తర్వాతిది ఏది

ఎక్కువగా ఎదురయ్యే జతలు కొన్ని చెబుతాను. వీటిలో సూత్రం ఒకటే: పాత పుస్తకంలో వాళ్లను కూర్చోబెట్టిన గుణం ఒకటి కొత్తదాంట్లో ఉండాలి, మిగతావి మారొచ్చు.

యద్దనపూడి సులోచనారాణి నవల 'సెక్రటరీ' దగ్గర ఆగిపోయిన పాఠకులు ఇప్పటికీ చాలామంది. అందులో నాయిక జయంతిని తలుచుకుంటారు. వాళ్లకు పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు సరిపోతుంది. అక్కడా ఉద్యోగం చేసే అమ్మాయే, అక్కడా ప్రేమా పెళ్లీ తర్జనభర్జనలే, సంభాషణలతో చకచకా నడుస్తుంది. మారేదల్లా ఒక్కటి: సెక్రటరీలోలా కారు దిగి వచ్చి గట్టెక్కించే నాయకుడు రాజశేఖరం ఉండడు. ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోతే వంద పేజీల దాకా అతని కోసం ఎదురుచూసి నిట్టూరుస్తారు.

యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం రోజుల్లో వారం వారం వీక్లీ కోసం కాచుకున్నవాళ్లకు, అంటే ఉత్కంఠ కావాలనేవాళ్లకు, డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇవ్వండి. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. ఈనిన పందినీ పిల్లల్నీ రాత్రంతా నక్కల నుంచి కాచుకోవాలి. అంతే. చిన్న పుస్తకం, ఒకటి రెండు పూటల్లో అయిపోతుంది. దీన్ని చెప్పేటప్పుడు చాలామంది ఒక ప్రసిద్ధ ఇంగ్లీషు నవలతో పోలుస్తారు. ఆ పోలిక మానేయండి. ఆ ఇంగ్లీషు నవల చదివినవాళ్లకు ముగింపు చెప్పేసినట్టే అవుతుంది. పోలికలతో కథ బయటపెట్టడం అన్నది మన గుంపుల్లో ఎవరూ తప్పుగా లెక్కేయని తప్పు.

సినిమాల పుణ్యమా అని రాజుల కథలు కావాలనే కుర్రాళ్లున్నారు. వాళ్లకు బండి నారాయణస్వామి శప్తభూమి. 18వ శతాబ్దపు అనంతపురం సీమ, పాలెగాళ్లు, కరువు. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అయితే సింహాసనం పక్కన నిలబడి చూసే కథ అనుకుని వెళ్తే దెబ్బతింటారు. కింద నలిగిపోయినవాళ్ల వైపు నుంచి నడుస్తుంది. మనుషులు చాలామంది వస్తారు కాబట్టి మొదటి ముప్పై పేజీలు పేర్లు ఒక కాగితం మీద రాసుకోమనండి.

నవ్వించేది అడిగితే మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశం అని ఠక్కున చెప్పేస్తాం. చెప్పొచ్చు. కానీ అది మూడు భాగాలని గుర్తుంచుకోండి. మొగల్తూరు నుంచి సీమకు (ఇంగ్లండుకు) బయల్దేరిన మొదటి భాగం నవ్వు వేరు, తర్వాతి భాగాల నడక వేరు. "మొదటి భాగం చదవండి, ఇంకా కావాలనిపిస్తే మిగతావి" అంటే సరిపోతుంది. మూడూ కలిపిన లావు పుస్తకం చేతిలో పెడితే నవ్వు మధ్యలోనే అలసిపోతుంది. కాస్త వెటకారం తట్టుకోగలవాళ్లయితే కె.ఎన్.వై. పతంజలి గోపాత్రుడు చెప్పండి. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని అలమండ అనే ఊళ్లో పుట్టిన తగువు. ఉత్తరాంధ్ర మాట అలవాటు లేనివాళ్లు మొదటి పది పేజీలు పైకి చదవాలి. కంటికి అడ్డం పడిన యాస చెవికి ఇట్టే పట్టుబడుతుంది.

ఊరు వదిలి పట్నంలోనో అమెరికాలోనో స్థిరపడ్డ పెద్దవాళ్లకు వాసిరెడ్డి సీతాదేవి మట్టిమనిషి బాగా కుదురుతుంది. నేలను నమ్ముకున్న సాంబయ్య తెలియని రైతు కుటుంబం ఉండదు.

ఆగిపోయే చోట్లు

ప్రతి మంచి నవలకూ ఒక ముళ్లకంప ఉంటుంది. రచయిత చేతకాక పెట్టింది కాకపోవచ్చు. చాలాసార్లు ఆ నవల స్వభావమే అది. కానీ తెలియక వెళ్లినవాడు "నాకు సాహిత్యం ఎక్కదేమో" అనుకుని వెనక్కి వచ్చేస్తాడు. ముందే "అక్కడ కాస్త ఉంటుంది, దాటండి" అంటే అదే మనిషి దాటేస్తాడు.

అంపశయ్య సంగతి చూడండి. నవీన్ దాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు మీద నడిపారు. అతని తలలో తిరిగేదంతా తిరిగినట్టే కాగితం మీద పడుతుంది: ఆలోచన, జ్ఞాపకం, ఇంగ్లీషు ముక్కలు, భయం. జాగ్రత్తగా, నెమ్మదిగా, రోజుకు ఐదారు పేజీలు చదివేవాళ్లే ఇందులో ఎక్కువగా ఆగిపోతారు. నిన్న ఏ ఆలోచన దగ్గర ఆపామో దొరకదు. కథ తాడు కోసం వెతుకుతారు, అక్కడ తాడు ఉండదు. ఈ నవలను ఒక్క కూర్చోవడంలో కనీసం నలభై యాభై పేజీలు చదవాలి, అర్థం కాని వాక్యం దగ్గర ఆగకుండా. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టమనండి. బస్సులో, లంచ్ బ్రేక్‌లో చదివే పుస్తకం కాదిది.

దీనికి సరిగ్గా వ్యతిరేకం బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది'. దాన్ని తొందరగా చదివితేనే పోతుంది. దయానిధి తనలో తాను తవ్వుకునే తీరు, ఉపమానం మీద ఉపమానం వచ్చే వాక్యాలు, పూటకు పదిహేను పేజీలకు మించితే మత్తులా కమ్ముతాయి. కోమలి, అమృతం, సుశీల, ఇందిర అంటూ ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే "ఇదెటు పోతోంది?" అనిపించే చోటే ఆగుతారు. ఒకే ప్రశ్నను దయానిధి ఒక్కొక్కరి దగ్గర వేరే రకంగా అడుక్కుంటున్నాడని ఒక్క ముక్క ముందే చెబితే చాలు.

గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో ఆగడానికి కారణం విసుగు కాదు, కోపం. సీతారామారావు మీద ఒళ్లు మండి పుస్తకం మూసేస్తారు. ఆ ఒళ్లుమంటే రచయిత కోరుకున్నదని చెప్పండి. ఇంకో మాట: దిగులుగా ఉన్నవాళ్లకూ, ఈమధ్యే ఇంట్లో కష్టం చూసినవాళ్లకూ దీన్ని ఇప్పుడే చెప్పొద్దు. ఎందుకని అడిగితే "మనసు కుదుటపడ్డాక చదవండి" అంటే సరిపోతుంది, కథ చెప్పనక్కర్లేదు.

మహీధర రామమోహనరావు కొల్లాయిగట్టితేనేమి?లో అడ్డంకి పూర్తిగా వేరే. పేరు బసవరాజు అప్పారావు గాంధీ గీతంలోది కాబట్టి ఉద్యమ కథ అని మొదలుపెడతారు. తీరా చూస్తే ముంగండ అగ్రహారం, వరసలు, బంధుత్వాలు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియని పది ఇళ్లు. మొదటి అరవై పేజీల్లో చుట్టరికాల దగ్గరే తప్పిపోతారు. ఒక కాగితం మీద ఇంటికో గీత గీసి పేర్లు రాసుకుంటే నలభై నిమిషాల పని, తర్వాత ఇక తడుముకోనక్కర్లేదు. చదివినవాళ్లెవరైనా ఆ కాగితాన్ని ఫోటో తీసి గుంపులో పెడితే ఇంకా మేలు. రాసేటప్పుడు చివరికి ఎవరికి ఎవరితో పెళ్లయిందో గీసేయకుండా చూసుకోండి, అంతే.

ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి (1922) జైల్లో రాసింది, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఆ చరిత్ర చెప్పి ఊరించడం తేలిక. కానీ చదివేవాడు కథ మధ్యలో ఆగి సాగే చర్చల దగ్గర, పాటల దగ్గర అలసిపోతాడు. చర్చను మొదటిసారి వేగంగా దాటేయడం తప్పేమీ కాదు. రామదాసు ఇంటి కథ పట్టుకుని వెళ్లి, తర్వాత వెనక్కి రావొచ్చు. ఇలా చెబితే పండితులకు కోపం రావొచ్చు. సగంలో వదిలేయడం కన్నా ఇది నయం.

ఏమీ జరగడం లేదనిపించి ఆపేసే నవలలు మరో రకం. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' అలాంటిది. అక్షరాలు దిద్దిన నాటి నుంచి సుందరం ఎదుగుదలతో పాటు కాలం నడుస్తుంది, పెద్ద మలుపులుండవు. మలుపులు కోరేవాళ్లకు చెప్పకండి. డైరీలు, ఆత్మకథలు ఇష్టపడేవాళ్లకు చెప్పండి, ఆపకుండా చదువుతారు.

యాస అడ్డుపడే నవలలకు మరో ఉపాయం. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు నిజాం కాలపు తెలంగాణ పల్లె. కోస్తా పాఠకులు, ఇతర రాష్ట్రాల తెలుగువాళ్లు మాటల దగ్గర తడబడతారు. పుస్తకం పేరుతో పాటు నాలుగు మాటలకు అర్థం పంపితే చాలు: గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, వెట్టి అంటే కూలి లేని చాకిరి, ఆడబాప అంటే దొరసాని వెంట పుట్టింటి నుంచి దాసీగా వచ్చిన స్త్రీ, అమీను అంటే పోలీసు అధికారి. మిగతావి చదువుతూ పోతుంటే వాటంతటవే తెలుస్తాయి. ఇరవై మాటల పట్టిక పంపితే మాత్రం పాఠ్యపుస్తకం అనుకుని భయపడతారు.

ముందుమాట సంగతి

తెలుగు నవల అచ్చులో కథ మొత్తం చెప్పేసే మొదటి దోషి ముందుమాటే. ఎవరు చచ్చిపోయారో, ఎవరు తిరిగొచ్చారో, దానికి తాత్పర్యమేమిటో ఆరు పేజీల్లో విప్పేస్తారు. అందుకని ప్రతి సిఫార్సుకూ ఈ వాక్యం జత చేయండి: "ముందుమాట చివర్లో చదవండి." వెనక అట్ట మీద రాసిందీ అంతే. రచయిత తానే రాసుకున్న నాలుగు మాటలు చాలావరకు ప్రమాదం లేనివి, అవి చదవొచ్చు.

సీరియల్‌గా వచ్చిన నవలకు వేరే లెక్క. వారం ఆగి చదివేవాడి కోసం రాసింది కాబట్టి ప్రతి భాగం చివర ఒక కొక్కెం, తర్వాతి భాగం మొదట్లో జరిగినదాని గుర్తు ఉంటాయి. వరసగా ఎనిమిది భాగాలు లాగిస్తే ఆ పునరుక్తి మొహం మొత్తుతుంది. "రచయిత చెప్పిందే చెబుతున్నాడు" అని ఫిర్యాదు చేసేవాళ్లు సాధారణంగా ఇలా చదివినవాళ్లే. రోజుకు రెండు మూడు భాగాలు చాలనండి.

కథ చెప్పకుండా అభిప్రాయం రాయడం

ఒక కొలత పెట్టుకోండి: పుస్తకం మొదటి నాలుగో వంతు దాటాక జరిగేదేదీ రాయకూడదు. 300 పేజీల నవలైతే 75వ పేజీ దాకా జరిగింది చెప్పొచ్చు. ఎవరు చనిపోయారు, ఎవరు ఎవర్ని పెళ్లాడారు, పోయినవాళ్లు తిరిగొచ్చారా అన్నవి మొదటి పేజీల్లో తేలిపోతే తప్ప ఎత్తకండి. "ముగింపు ఊహించలేరు" అనడం కూడా ఒక రకంగా చెప్పేయడమే. అది విన్నవాడు ప్రతి పేజీలో మెలిక వెతుకుతూ కథను చూడడు.

మీ గుంపులో కనబడే తరహా అభిప్రాయం ఒకటి చూద్దాం:

"పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు ఒక అద్భుత కళాఖండం. ఇందిర పాత్ర తెలుగు సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచిపోతుంది. ఏకబిగిన చదివించే శైలి. ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన నవల."

ఇందులో ఇందిర పేరు తీసి సాంబయ్య పేరు పెడితే మట్టిమనిషికి కూడా అతుకుతుంది. చదివేవాడికి ఒక్క సంగతీ అందలేదు. అదే నవల గురించి ఇలా రాసి చూడండి:

"1950ల విశాఖపట్నం. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తున్న ఇందిర, డాక్టరు చదువుతున్న ప్రకాశం, అండలేని కళ్యాణి ఒకే చూరు కింద ఉంటారు. ఇందిర మంచిదా కాదా అని తేల్చుకోలేక తన్నుకుంటాం, పుస్తకం బలం అదే. ఆమె మీద కోపమొచ్చిన చోట ఆపకండి. వర్ణనలు తక్కువ, మాటలు ఎక్కువ. దీని ఆధారంగా చదువుకున్న అమ్మాయిలు (1963) సినిమా వచ్చింది, కానీ చాలా మార్చారు, చూసినవాళ్లూ చదవొచ్చు. త్యాగమూర్తులైన నాయికలు కావాలనుకునేవాళ్లకు నచ్చదు."

రెండోదాంట్లో పొగడ్త ఒక్క వాక్యమే. కాలం, చోటు, మనుషులు, నడక, ఆగే చోటు, ఎవరికి నచ్చదో, అన్నీ వచ్చేశాయి. ఈ చివరిది రాయడానికి చాలామంది జంకుతారు. రచయితను కించపరిచినట్టు అవుతుందని భయం. నిజానికి "ఫలానావాళ్లకు నచ్చదు" అని చదివినవాళ్లలో కొందరు "నేను ఆ ఫలానా కాదు" అనుకుని పుస్తకం తెప్పించుకుంటారు.

నాలుగైదు నక్షత్రాలు ఇవ్వడం వల్ల గుంపులో ఉపయోగం లేదు. నాలుగున్నర నక్షత్రాలు తెచ్చుకున్న రెండు నవలల మధ్య ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా ఉంటుంది. ఏ పేజీ దగ్గర ఏమనిపించిందో రాస్తే ఉపయోగం. పేజీ నంబర్లతో చిన్న చిక్కుంది: ఒక్కో ప్రచురణలో ఒక్కోలా ఉంటాయి. కాబట్టి అధ్యాయం సంఖ్య రాయండి. అది కూడా లేని నవలలున్నాయి, అప్పుడు "ఫలానా ఇంటికి మొదటిసారి వెళ్లిన చోటు" అని గుర్తు చెప్పాలి.

నచ్చలేదని చెప్పడం

చెప్పొచ్చు, చెప్పాలి కూడా. అయితే వాక్యంలో కర్త ఎవరో చూసుకోండి. "ఇది చెత్త నవల" అంటే అవతల నచ్చినవాడు తన అభిరుచిని సమర్థించుకోవడానికి దిగుతాడు. "నాకు ఫలానా చోట నమ్మకం కలగలేదు, ఎందుకంటే అప్పటిదాకా ఆ పాత్ర ఇలా మాట్లాడలేదు" అంటే అతను ఆ చోటికి వెళ్లి మళ్లీ చూస్తాడు. గుంపులో గొడవలు ఎక్కువగా ఒక్క కారణంతో వస్తాయి: పాత్ర చేసిన పనినీ, దాన్ని రచయిత రాసిన తీరునూ కలిపేసి మాట్లాడటం. చలం మైదానం దీనికి పెట్టింది పేరు. 1927 నాటి నవల మీద ఇప్పటికీ తగువు రాజేశ్వరి చేసింది ఒప్పా తప్పా అనే సాగుతుంది. వాక్యం గురించి, కథ ఆమె గొంతులో నడవడం గురించి ఎవరూ ఎత్తరు. అలాంటి పుస్తకం చర్చకు పెడితే మొదటి వారం ఆమె నిర్ణయం ఊసెత్తకూడదని ఒక నియమం పెట్టుకుని చూడండి. రెండో వారం ఎలాగూ ఎత్తుతారు, కానీ అప్పటికి అందరూ పుస్తకం చదివి ఉంటారు.

పాత నవలల్లో కులం పేరుతో తిట్లు, ఆడవాళ్ల మీద దాష్టీకం అప్పటి మాటల్లోనే ఉంటాయి. సిఫార్సులోనే ఒక్క వాక్యంలో చెప్పేస్తే మంచిది. చెప్పకపోతే, అది సొంత అనుభవమైన మనిషికి ఆ పేజీ మీదపడినట్టు తగులుతుంది.

దొరికేదే చెప్పండి

దొరకని పుస్తకం చెప్పడం ఊరించడమే అవుతుంది. తెలుగు నవలలు వెయ్యి కాపీలకు మించి అచ్చయ్యేవి తక్కువ, అయిపోయాక మళ్లీ ఎప్పుడొస్తుందో ప్రచురణకర్తే చెప్పలేడు. పేరు చెప్పే ముందు విశాలాంధ్ర, నవచేతన, నవోదయ లాంటి దుకాణాల్లో ఉందో లేదో ఒక ఫోన్ చేయండి. డిసెంబరులో హైదరాబాద్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి కాబట్టి అరుదైనవాటిని ఆ రోజుల కోసం దాచుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లకు బరువు కూడా లెక్కే. లావు పుస్తకం ఒకటి పంపే ఖర్చుకు పల్చటివి రెండు మూడు వెళ్తాయి.

పీడీఎఫ్ పంపమని అడుగుతారు. మన కాపీరైట్ చట్టంలో రచయిత చనిపోయిన సంవత్సరం తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. ఉన్నవ 1958లో, శ్రీదేవి 1961లో పోయారు కాబట్టి వాళ్ల నవలల స్కాన్లు పంచుకోవడానికి ఇబ్బంది లేదు. చలం 1979లో పోయారు, కాబట్టి 2039 చివరిదాకా కుదరదు. ఇప్పుడున్న రచయితల పుస్తకాల సంగతి అడగనే అక్కర్లేదు. పాత స్కాన్ పంపే ముందు ఒకసారి పేజీలన్నీ తిప్పి చూడండి. మధ్యలో రెండు పేజీలు ఎగిరిపోయినవి, ఒకే పేజీ రెండుసార్లు వచ్చినవి తరచూ కనబడతాయి. పేజీలు పోయిన పుస్తకాన్ని చదివినవాడు రచయిత తప్పనుకుంటాడు.

ఇక చెప్పిన తర్వాత. మూడు రోజులకే "ఎలా ఉంది?" అని అడగకండి. మొహమాటానికి "చాలా బాగుంది" అంటారు, ఆ మాటతో చదవడం కూడా ఆగిపోతుంది. రెండు వారాలకు "ఎక్కడున్నారు?" అని మాత్రమే అడగండి. ఆగిపోయామంటే ఏ చోట అని రాసుకోండి. అదే నవలలో ముగ్గురు ఒకే చోట ఆగితే ఆ నవల ముళ్లకంప మీకు దొరికినట్టే. నాలుగో మనిషికి చెప్పేటప్పుడు ఆ చోటు పేరు పెట్టి చెప్పండి.